సముద్రం లేని ఊళ్లో దీవుల బేరం

గ్రేటర్ నోయిడా: ఉత్తరప్రదేశ్‌లోని గౌతమ్ బుద్ధ నగర్ జిల్లాకు సముద్రంతో ఏ సంబంధమూ లేదు. యమున, హిందన్ నదుల నడుమ మైదానంలో, 1991లో ప్రత్యేక ప్రాధికార సంస్థ ఏర్పాటయ్యాక రూపుదిద్దుకున్న పట్టణం గ్రేటర్ నోయిడా. ఇక్కడి నుంచి ఏ దిక్కుకు బయలుదేరినా ఉప్పునీరు కనపడాలంటే కనీసం ఒక రాత్రంతా రైల్లో గడపవలసిందే. అయినప్పటికీ దేశంలో సముద్ర దీవుల విహారాలకు సంబంధించిన బేరసారాలు ఎక్కువగా జరిగిన చోట్లలో ఇదొకటి కావడం విశేషం. నాలెడ్జ్ పార్కులోని ఇండియా ఎక్స్‌పో మార్ట్‌లో 2018 నుంచి 2024 వరకు దక్షిణాసియా పర్యాటక వ్యాపార ప్రదర్శన ‘సాటే’ జరిగింది. 2025లో అది ఢిల్లీ ద్వారకలోని యశోభూమికి తరలిపోయింది.

ఈ ప్రదర్శనకు వచ్చేవారు సామాన్య యాత్రికులు కారు. ఒకవైపు హోటళ్లు, విమాన సంస్థలు, రాష్ట్రాల, దేశాల పర్యాటక శాఖలు. మరోవైపు ఊరూరా ప్యాకేజీలు అమ్మే ట్రావెల్ ఏజెంట్లు, టూర్ ఆపరేటర్లు. రాబోయే సీజనుకు ఎన్ని గదులు, ఏ ధరకు, ఎంత కమిషన్‌కు అన్నది ఇటువంటి చోట్లే తేలుతుంది. ఘాజియాబాద్‌లోనో, కాన్పూర్‌లోనో, విజయవాడలోనో ఒక కుటుంబం కొనుక్కొనే ‘మూడు రాత్రులు, నాలుగు పగళ్లు’ విహారానికి నెలల ముందే ఈ బల్లల దగ్గర పునాది పడుతుంది.

చిత్రమేమంటే, ఇదే ప్రాంగణంలో 2019 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యాన ఎడారీకరణ నివారణ ఒడంబడిక దేశాల 14వ మహాసభ జరిగింది. నేల ఎందుకు ఎండిపోతోంది, నీటిని ఎలా నిలుపుకోవాలి అని దేశదేశాల ప్రతినిధులు రెండు వారాలు చర్చించారు. దీవుల విహారాన్ని అమ్మే బల్లల దగ్గర మాత్రం నీటి ప్రస్తావన ఈతకొలనుకే పరిమితం. దీవిలో అన్నిటికంటే అరుదైన సరుకు మంచినీరు. ప్యాకేజీ పట్టికలో ధర కట్టనిదీ అదే.

నాలుగు రోజుల్లో రెండే రోజులు

దీవి ప్యాకేజీలో ఉండే దినుసులు నాలుగు: విమానం, పడవ, గది, భోజనం. వ్యాపారులకు వీటి విషయంలో ఒక సంకేతభాష ఉంది. ‘సీపీ’ అంటే గదితోపాటు ఉదయపు ఫలహారం. ‘ఎంఏపీ’ అంటే ఫలహారంతోపాటు ఒక పూట భోజనం. ‘ఏపీ’ అంటే మూడు పూటలా భోజనం (మన రాష్ట్రం పేరు కాదు). కొత్తగా పెళ్లయినవారికి అదనంగా పక్కమీద పూలు, ఒక కేకు, ఇసుకలో కొవ్వొత్తుల వెలుగున ఒక పూట విందు. ఏ కంపెనీ కరపత్రం తిరగేసినా ఈ వరస పెద్దగా మారదు.

మూడు రాత్రుల ప్యాకేజీలో నాలుగు పగళ్లు లెక్కకు మాత్రమే ఉంటాయి. ఢిల్లీ నుంచి అండమాన్ రాజధానికి గగనతలంలో దాదాపు 2,500 కిలోమీటర్లు. అక్కడ దిగి, రేవు చేరి, పడవెక్కి, గంటన్నర నుంచి రెండున్నర గంటలు ప్రయాణం చేస్తే గాని హేవ్‌లాక్ చేరరు. తిరుగు ప్రయాణమూ అంతే. మొదటి రోజు, చివరి రోజు రాకపోకలకే సరిపోగా సముద్రతీరాన గడిపేది రెండు రోజులు. ఆ రెండు రోజుల్లో ఒక కుటుంబం చేసే ఖర్చే దీవికి ఆదాయం. మిగిలిన డబ్బులో పెద్ద భాగం విమాన సంస్థకు, ఏజెంటుకు, హోటలు యాజమాన్యానికి, అంటే ప్రధాన భూభాగానికే చేరుతుంది. దీవిలో ఖర్చయినట్లు కనిపించి తిరిగి బయటకు పోయే ఈ సొమ్మును ఆర్థికవేత్తలు ‘లీకేజీ’ అంటారు. బస ఎంత పొట్టిదైతే రాకపోకల ఖర్చు వాటా అంత పెరుగుతుంది. కాబట్టి లీకేజీ కూడా పెరుగుతుందని వేరే చెప్పనక్కరలేదు.

జనవరిలో వివాదం, ఫిబ్రవరిలో సంత

దీవుల వ్యాపారం ఎంత సున్నితమైనదో 2024 జనవరి తెలియజెప్పింది. ఆ నెల 2, 3 తేదీల్లో ప్రధానమంత్రి నరేంద్ర మోదీ లక్షద్వీప్‌లో పర్యటించారు. ఆయన ఫొటోలు వెలువడ్డాక మాల్దీవుల ఉప మంత్రులు ముగ్గురు సామాజిక మాధ్యమాల్లో చేసిన వ్యాఖ్యలు దుమారం లేపాయి. 7వ తేదీన అక్కడి ప్రభుత్వం ఆ ముగ్గురినీ సస్పెండ్ చేసింది. మరునాడే మనదేశంలోని ఒక ప్రముఖ ఆన్‌లైన్ టికెట్ల సంస్థ మాల్దీవులకు బుకింగులు నిలిపివేస్తున్నట్లు ప్రకటించింది. ఆ తర్వాత ఆరు వారాలకే, ఫిబ్రవరి 22న, గ్రేటర్ నోయిడాలో ‘సాటే’ ప్రారంభమైంది.

ఫలితం లెక్కల్లో కనిపించింది. 2023లో మాల్దీవులకు వెళ్లిన భారతీయులు సుమారు 2.09 లక్షలు. ఆ ఏడాది అన్ని దేశాలకంటే మనవారే ఎక్కువ. 2024లో ఆ సంఖ్య సుమారు 1.30 లక్షలకు పడిపోయి, మనదేశం ఆరో స్థానానికి దిగింది. అంటే 37 శాతం తగ్గుదల. ఇంత జరిగినా ఆ ఏడాది మాల్దీవులకు వచ్చిన మొత్తం పర్యాటకుల సంఖ్య 20 లక్షలు దాటింది. మనవారు ఖాళీచేసిన స్థలాన్ని చైనా, ఐరోపా యాత్రికులు నింపారు. అయినా మాల్దీవుల ట్రావెల్ వ్యాపారులు నిశ్చింతగా కూర్చోలేదు. 2024 జులై, ఆగస్టుల్లో ఢిల్లీ, ముంబయి, బెంగళూరుల్లో ఆ దేశం రోడ్‌షోలు నిర్వహించింది. 2025 జులైలో మాల్దీవుల స్వాతంత్ర్య షష్టిపూర్తి ఉత్సవాలకు మోదీ అతిథిగా వెళ్లారు. రూ.4,850 కోట్ల రుణసదుపాయం ప్రకటించారు. అలకలు వచ్చినంత వేగంగానే పోవడం దౌత్యంలో కొత్త కాదు. ఏజెంట్ల పట్టికల్లో మాల్దీవుల పేరు మళ్లీ పైకి ఎగబాకింది.

పళ్లెంలో ఉన్నది ఎవరి అన్నం?

మాల్దీవుల్లో తొలి రిసార్టు 1972లో ప్రారంభమైంది. అంతకుముందు పరిశీలనకు వచ్చిన ఐక్యరాజ్యసమితి నిపుణులు ఈ దీవులు పర్యాటకానికి పనికిరావని తేల్చారట. బ్యాంకు లేదు, విమానాశ్రయ వసతులు లేవు, సరుకులు దొరకవు అన్నది అప్పటి ఆక్షేపణ. సరుకులు ఇప్పటికీ అక్కడ పండవు. కాకపోతే తెప్పించుకునే దారి దొరికింది. ‘ఒక దీవికి ఒక రిసార్టు’ అన్న పద్ధతిలో ప్రతి విడిదీ తన విద్యుత్తు తానే ఉత్పత్తి చేసుకుని, తన నీరు తానే సముద్రం నుంచి తీసుకుని, తన ఆహారాన్ని ఓడలపై తెప్పించుకుంటుంది.

తీరాన విందు ఆరగించే భారతీయ కుటుంబం ముందున్న పళ్లెంలో ఎక్కువభాగం మనదేశం నుంచి వెళ్లినదే కావచ్చు. 1981 నుంచి అమలులో ఉన్న ప్రత్యేక ఏర్పాటు కింద నిత్యావసరాల ఎగుమతిపై నిషేధం ఉన్న సమయాల్లో సైతం మాల్దీవులకు కోటా కేటాయిస్తున్నారు. 2024-25 సంవత్సరానికి, అంటే వివాదం ఇంకా చల్లారకముందే, కేంద్రం అనుమతించిన కోటా ఇది: బియ్యం 1,24,218 టన్నులు, గోధుమపిండి 1,09,162 టన్నులు, పంచదార 64,494 టన్నులు, ఉల్లి 35,749 టన్నులు, బంగాళదుంపలు 21,513 టన్నులు, కోడిగుడ్లు 42.75 కోట్లు. వీటితోపాటు కట్టడాలకు నది ఇసుక, కంకర పది లక్షల టన్నుల చొప్పున. ఈ ఏర్పాటు మొదలైనప్పటి నుంచి ఇదే అత్యధికం.

ఆ దేశ జనాభా ఐదు లక్షల పైచిలుకు. కోడిగుడ్ల కోటాను తలకు పంచితే ఏడాదికి ఎనిమిది వందలు దాటుతాయి. ఇది గరిష్ఠ పరిమితి మాత్రమే, వెళ్లినవన్నీ అతిథులే తిన్నారని కాదు. అయినా, తమిళనాడులోని నామక్కల్ కోళ్లఫారాలకు, హిందూమహాసముద్రంలోని విలాస విడిదికి మధ్య సంబంధం ఎంత దగ్గరిదో ఈ అంకె చెబుతుంది. ఇసుక కోసమే జనం వెళ్లే దేశం ఇసుకను దిగుమతి చేసుకోవడం మరో వింత. పగడపు ఇసుక కాంక్రీటుకు అంతగా పనికిరాదు. పైగా తవ్వితే తీరం కొట్టుకుపోతుంది.

స్థానికంగా సమృద్ధిగా దొరికేది ట్యూనా చేప. మన తీరాన మత్స్యకారులు సూర అని పిలిచే జాతి ఇదే. కొబ్బరి కోరు, ఉల్లి, మిరప కలిపిన ట్యూనాను పల్చని రొట్టెతో తినడం మాల్దీవుల ఇళ్లలో ఉదయపు ఫలహారం. ‘మస్ హుని’ అంటారు. రిసార్టుల భోజనశాలల్లో ఖండాంతర వంటకాల నడుమ దానికి ఒక మూల చోటు దొరికితే గొప్ప. జనావాస దీవుల్లో అతిథిగృహాలకు 2009-10 ప్రాంతంలో అనుమతించాక పరిస్థితి కొంత మారింది. తక్కువ ఖర్చులో వెళ్లే యాత్రికులు స్థానికుల ఇళ్లపక్కనే బస చేసి, వారి వంటే తింటున్నారు. లీకేజీకి ఇంతకంటే మంచి విరుగుడు ఇంతవరకు కనిపించలేదు.

బిల్లు సంగతీ కొంత తెలుసుకోవాలి. పర్యాటక సేవలపై మాల్దీవుల పన్ను 2023లో 16 శాతానికి, 2025 జులై నుంచి 17 శాతానికి పెరిగింది. దానికిముందు పది శాతం సేవా రుసుము కలుస్తుంది. అంటే పట్టికలో నూరు డాలర్లున్న భోజనం బిల్లు దగ్గరకు వచ్చేసరికి 128 డాలర్ల 70 సెంట్లు. 2025 జనవరి నుంచి రిసార్టుల్లో ‘హరిత పన్ను’ తలకు రాత్రికి 12 డాలర్లు. భార్యాభర్తలు మూడు రాత్రులుంటే ఇదొక్కటే 72 డాలర్లు. ఇక్కడ ఏజెంటు చెప్పే ధరలో ఇవి కలిశాయో లేదో ముందే అడిగి తెలుసుకోకపోతే అక్కడ తగాదా తప్పదు.

విదేశీ ప్యాకేజీలపై మన ప్రభుత్వం ముందుగా వసూలు చేసే పన్ను కూడా తరచు మారుతూ వచ్చింది. 2023 అక్టోబరు నుంచి రూ.7 లక్షల వరకు 5 శాతం, ఆపైన 20 శాతం. 2025 ఏప్రిల్‌లో ఆ పరిమితిని రూ.10 లక్షలకు పెంచారు. 2026-27 బడ్జెట్‌లో మొత్తంతో నిమిత్తం లేకుండా 2 శాతానికి తగ్గించాలని ప్రతిపాదించారు. ఈ సొమ్ము ఆదాయపు పన్ను లెక్కల్లో జమకు వస్తుంది. దేశంలోని దీవులకు వెళ్లేవారికి ఈ బెడద లేదు.

డబ్బుతో అన్నీ తెప్పించుకోగల దేశానికి సైతం నీరు ఎంత సన్నటి దారంమీద నడిచే వ్యవహారమో 2014 డిసెంబరులో తేటతెల్లమైంది. రాజధాని మాలేలో సముద్రజలాన్ని మంచినీరుగా మార్చే కర్మాగారంలో అగ్నిప్రమాదం సంభవించి, నగరమంతా కుళాయిలు ఆగిపోయాయి. భారత వాయుసేన విమానాలు, నౌకాదళ నౌకలు మంచినీటిని మోసుకెళ్లాయి. దానికి ‘ఆపరేషన్ నీర్’ అని పేరు పెట్టారు.

అనుమతి లేనిదే ప్రవేశం లేదు

మాల్దీవులకు ఉత్తరాన సుమారు 130 కిలోమీటర్ల దూరంలో మన మినికాయ్ దీవి ఉంది. అక్కడి భాష, తిండి, పడవలు మాల్దీవులకు దగ్గరి చుట్టాలు. మినికాయ్ లక్షద్వీప్‌లో భాగం. మొత్తం 36 దీవుల్లో జనం ఉండేవి పది. అన్నీ కలిపి నేల 32 చదరపు కిలోమీటర్లు. 2011 లెక్కల ప్రకారం జనాభా 64,473. గ్రేటర్ నోయిడాలోని కొన్ని సెక్టార్లు కలిపితే ఇంతకంటే ఎక్కువమంది ఉంటారనడం అతిశయోక్తి కాదు.

మాల్దీవుల్లో దిగిన భారతీయుడికి విమానాశ్రయంలోనే వీసా ఉచితంగా ఇస్తారు. సొంతదేశంలోని లక్షద్వీప్‌కు వెళ్లాలంటే మాత్రం ముందే అనుమతిపత్రం కావాలి. 1967 నాటి నిబంధనల ప్రకారం స్థానికులు కానివారి ప్రవేశం, నివాసం రెండూ నియంత్రణలో ఉన్నాయి. స్థానికుల్లో అత్యధికులు షెడ్యూల్డు తెగలవారు. ఉన్న కొద్దిపాటి నేల వారి చేతిలోంచి జారిపోకూడదన్నది ఈ కట్టడి ఉద్దేశం. ఏజెంట్లకు ఇది అడ్డంకిగా కనిపించవచ్చు గాని, అక్కడి కొబ్బరితోట రైతుకు ఇదే రక్షణ.

1987 చివర్లో అప్పటి ప్రధాని రాజీవ్ గాంధీ కుటుంబం సెలవులు గడపడంతో ‘బంగారం’ అనే దీవి పేరు దేశమంతా తెలిసింది. 1988లో అగత్తిలో విమానాశ్రయం వచ్చింది. దాని రన్‌వే పొడవు దాదాపు 1,200 మీటర్లే కావడంతో ఏటీఆర్ తరగతి చిన్న విమానాలే దిగగలవు. చాలాకాలం ఒకే ప్రభుత్వరంగ సంస్థ విమానాలు నడిపింది. 2024 మార్చిలో మరో రెండు సంస్థలు రంగంలోకి దిగాయి. కొచ్చి నుంచి ఓడలో వెళ్లాలంటే 14 నుంచి 20 గంటలు పడుతుంది.

అసలు అడ్డు రన్‌వే కాదు. పగడపు దీవిలో మంచినీరంటే ఇసుక కింద, ఉప్పునీటి మీద తేలే వాననీటి పొర. అది పల్చన. ఎక్కువ తోడితే కింది ఉప్పునీరు పైకి ఉబుకుతుంది. ఒకసారి ఉప్పెక్కిన బావి మళ్లీ తీపెక్కడానికి ఎన్ని వానలు కావాలో చెప్పలేం. సెప్టిక్ ట్యాంకుల మురుగు కూడా చివరికి ఆ పొరలోకే ఇంకుతుంది. ఈ కారణంగానే చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ 2005లో కవరత్తిలో రోజుకు లక్ష లీటర్ల సామర్థ్యంతో ఒక ప్లాంటు నెలకొల్పింది. సముద్రం పైపొరలోని వెచ్చని నీటిని తక్కువ పీడనంలో ఆవిరిచేసి, లోతునుంచి తెచ్చిన చల్లని నీటితో ఆ ఆవిరిని మంచినీరుగా మార్చడం దీని పద్ధతి. 2011లో మినికాయ్, అగత్తిలలోనూ ఇటువంటివి వచ్చాయి. 2024 జనవరి పర్యటనలో ప్రధాని ప్రారంభించినవాటిలో కద్మత్‌లోని రోజుకు 1.5 లక్షల లీటర్ల ప్లాంటు ఒకటి. ఫొటోల్లోని ఇసుకతిన్నెకు దక్కిన ప్రచారం ఆ ప్లాంటుకు దక్కలేదు. దీవివాసులకు మాత్రం ఆ పర్యటనలో మిగిలిన మేలు అదే.

లక్ష లీటర్లంటే మనిషికి వంద లీటర్ల లెక్కన వెయ్యిమందికి సరిపోతుంది. ఈతకొలను, లాండ్రీ, తోట ఉన్న విడిదిలో ఒక్కో అతిథి వాడకం అంతకు ఎన్నో రెట్లు ఉంటుందన్నది హోటలు రంగంలో అందరూ ఎరిగిన విషయమే. సుహేలీ, కద్మత్‌లలో 110 గదుల చొప్పున రెండు రిసార్టులు నిర్మిస్తామని టాటాల హోటలు సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది. వాటి నీరు ఎక్కడి నుంచి వస్తుంది, మురుగు ఎక్కడికి పోతుంది అన్నవే అసలు ప్రశ్నలు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ ఆర్.వి. రవీంద్రన్ కమిటీ లక్షద్వీప్ అభివృద్ధికి సమగ్ర ప్రణాళిక రూపొందించినప్పుడు చూసింది కూడా ఈ మోయగల శక్తినే. దీనికితోడు 2024 వేసవిలో సముద్రజలాలు వేడెక్కి లక్షద్వీప్ పగడాలు విస్తారంగా తెల్లబారాయని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు గుర్తించారు. అలల తాకిడిని ఆపే గోడ ఆ పగడాలే. అది సన్నగిల్లితే ఇసుకా నిలవదు, దాని మీద వేసిన విందు బల్లా నిలవదు.

ఈ సమస్యకు లక్షద్వీప్ పర్యాటక సంస్థ చాలాకాలం క్రితమే ఒక తెలివైన ఉపాయం పన్నింది. ‘సముద్రం’ అనే ప్యాకేజీలో యాత్రికులు పగలు దీవిలో తిరిగి, అక్కడే మధ్యాహ్న భోజనం చేసి, రాత్రి ఓడలో పడుకునేవారు. గదులు కట్టనక్కరలేదు, బావులు తోడనక్కరలేదు. ఇందులో కొవ్వొత్తుల విందు లేకపోవడం వల్ల కాబోలు, వ్యాపార ప్రదర్శనల్లో దీని గురించి మాట్లాడేవారు తక్కువ.

మనవారున్న దీవులు

తెలుగు పాఠకులకు అన్నిటికంటే దగ్గరి దీవులు అండమాన్. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ జనాభా 3,80,581 కాగా, అందులో సుమారు 13 శాతం మాతృభాష తెలుగు. అంటే దాదాపు యాభై వేలమంది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరాల నుంచి వలస వెళ్లిన మత్స్యకారులు, కూలీలు, చిరువ్యాపారుల సంతతి వీరు. రాజధానిలోని జంగ్లీఘాట్ చేపల రేవులో తెలుగు వినబడని ఉదయం ఉండదు. పోర్ట్‌బ్లెయిర్ పేరును 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురంగా మార్చారు. 2018 డిసెంబరులోనే హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్‌గా, నీల్ దీవి షహీద్ ద్వీప్‌గా మారాయి. టికెట్లమీద కొత్త పేర్లున్నా ఏజెంట్ల నోట పాతవే నలుగుతున్నాయి.

హేవ్‌లాక్‌లోని రాధానగర్ తీరాన్ని 2004లో ‘టైమ్’ పత్రిక ఆసియాలోకెల్లా ఉత్తమమైనదిగా పేర్కొన్నప్పటి నుంచి తాకిడి పెరిగింది. 2020లో మన విశాఖ రుషికొండతోపాటే దానికీ ‘బ్లూ ఫ్లాగ్’ గుర్తింపు లభించింది. 2023 జులైలో రూ.710 కోట్లతో నిర్మించిన కొత్త విమానాశ్రయ భవనం ప్రారంభమైంది. ఏడాదికి 50 లక్షలమంది ప్రయాణికులకు సరిపడే భవనం అది. అంటే దీవుల జనాభాకు పదమూడు రెట్లు. రాకకు, పోకకు రెండుగా లెక్కవేసినా ఆరు రెట్లకు పైమాటే.

ఢిల్లీ పరిసరాల నుంచి అండమాన్ వెళ్లేవారి సంఖ్యలో కేంద్ర ప్రభుత్వ పాత్ర తక్కువేమీ కాదు. స్వస్థలానికి వెళ్లే ఎల్‌టీసీకి బదులుగా అండమాన్‌కు విమానంలో వెళ్లే వెసులుబాటును ఉద్యోగులకు కల్పించి, పొడిగిస్తూ వచ్చారు. 2024లో మరో రెండేళ్లు, అంటే 2026 సెప్టెంబరు 25 వరకు పొడిగించారు. మామూలుగా విమాన ప్రయాణానికి అర్హత లేని ఉద్యోగులు కూడా కోల్‌కతా, చెన్నై, విశాఖపట్నాల నుంచి విమానమెక్కవచ్చు. ఖజానా చెల్లించేది రవాణా ఖర్చు. గది, భోజనం ఉద్యోగి సొంతం. అందుచేత ఈ తరగతి యాత్రికులు విలాసాలకు పోకుండా చిన్న హోటళ్లలో దిగి, వీధి భోజనశాలల్లో తింటారు. వడ్డించే వంజరం ముక్కలో, రొయ్యల కూరలో ఎక్కువ భాగం స్థానిక పడవలు తెచ్చినదే. నీల్ దీవి అండమాన్‌కు కూరగాయల తోట అని పేరు. చౌక బస యాత్రికుడు ఖర్చుపెట్టిన రూపాయిలో దీవికి దక్కే వాటా, విలాస యాత్రికుడి రూపాయిలో కంటే ఎక్కువే ఉంటుందన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం. బియ్యం, పప్పు, నూనెలు మాత్రం ప్రధాన భూభాగం నుంచి ఓడల్లో రావలసిందే.

గదుల పన్ను కూడా ఈ తేడాను పెంచింది. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు రూ.7,500 వరకు అద్దె ఉన్న గదులపై జీఎస్‌టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ఆపై గదులకు 18 శాతం కొనసాగింది. రూ.7,500 గదికి పన్ను రూ.375 కాగా, రూ.7,600 గదికి రూ.1,368. ఈ గీతకు కాస్త ఇవతల ధర నిలపడానికి హోటళ్లు పడే పాట్లు చెప్పనలవి కావు.

అండమాన్‌లో ఏడాదికి సుమారు మూడు మీటర్ల వాన కురుస్తుంది. మన కోస్తాకంటే మూడింతలు. అయినా శ్రీవిజయపురంలో వేసవికి నీటి ఎద్దడి తప్పడం లేదు. కొండవాలు నేలలు, పొట్టి వాగులు కావడంతో పడ్డ వాన పడ్డట్టే సముద్రంలో కలుస్తుంది. నగరానికి ప్రధాన ఆధారం ధనిఖారి జలాశయం. అది అడుగంటిన సంవత్సరాల్లో కుళాయిలకు మూడు రోజులకోసారి నీరు వదిలిన సందర్భాలున్నాయి. వర్షాలు లేని జనవరి నుంచి ఏప్రిల్ వరకే సముద్రం ప్రశాంతంగా ఉంటుంది. యాత్రికులు ఎగబడేదీ అప్పుడే. హోటళ్లు ట్యాంకర్లు కొనుక్కుంటాయి. ఆ స్తోమత లేని చేపల వాడల్లో ఆడవాళ్లు బిందెలతో వరసలో నిలబడతారు. హోటలుకు చేపలమ్మే ఇల్లు, హోటలు అతిథి స్నానపు నీటితో పోటీ పడవలసి రావడం ఏ ప్యాకేజీ లెక్కలోనూ కనిపించదు.

ఈ విషయంలో గ్రేటర్ నోయిడాకూ కొంత అనుభవముంది. భూగర్భజలాలమీదే ఆధారపడి పెరిగిన ఈ పట్టణానికి 85 క్యూసెక్కుల గంగాజలం తెచ్చే పథకాన్ని 2022లో ప్రారంభించారు. మైదానంలో ఊరికి కాలువ తవ్వి నీరు తేవచ్చు. నడిసముద్రంలో ఆ వీలు లేదు. ఇక్కడికి సమీపంలోని జేవర్‌లో 2021 నవంబరులో శంకుస్థాపన జరిగిన అంతర్జాతీయ విమానాశ్రయం తొలి దశలోనే ఏడాదికి 1.2 కోట్ల ప్రయాణికుల సామర్థ్యంతో రూపొందింది. వాళ్లలో కొద్ది శాతం దీవులవైపు చూసినా ఇప్పుడున్న గదులు చాలవని ఏజెంట్ల ఆశ. గదులు కట్టడం పెద్ద పని కాదు. అండమాన్‌లో ప్రతి పైకప్పు వాననీటినీ ట్యాంకుకు మళ్లించే షరతును హోటళ్ల లైసెన్సుతో ముడిపెట్టడం, ట్యాంకర్ల నీటికి అసలు ధర వసూలుచేయడం, సీజనులో గదుల సంఖ్యకు జలాశయం మట్టాన్ని బట్టి పరిమితి విధించడం అంతకంటే కష్టమైన పనులు. వాటికి ప్రదర్శనశాలల్లో బల్లలు వేయరు.

విశాఖ రేవు నుంచి అండమాన్‌కు ఓడ ఉంది. చెన్నై, కోల్‌కతా ఓడలంత తరచుగా కాకపోయినా, రెండున్నర రోజుల ప్రయాణంతో అది నడుస్తూ వచ్చింది. మూడు రాత్రుల విహారానికి వెళ్లేవారు దాని మొహం చూడరు. అందులో ఎక్కేది పెళ్లిళ్లకు, పండుగలకు స్వగ్రామాలకు వచ్చి తిరిగి వెళ్లే కుటుంబాలు, పనులు వెతుక్కుంటూ పోయే కుర్రవాళ్లు. బంకు క్లాసులో వారి పక్కన బియ్యం బస్తాలు, పచ్చడి జాడీలు ఉంటాయి.